కుర్చీ, గొడుగు, చెంచా, తలుపు

మా కవరు మాస్టారికి ఈ లోకంలో గిట్టనిది ఒక్కటే: ఏ వస్తువు మీదైనా దాని పేరు కనబడటం. సీసా మీద చీటీ కనబడితే చాలు, ఆయన గోళ్ళు దురద పెట్టేవి. దాన్ని గీకి, పీకి, కవరులో వేసి, అంటించి, అంటించిన చోట అడ్డంగా సంతకం గిలికి, సొరుగులో పడేస్తే గానీ ఆయన ప్రాణానికి హాయి ఉండేది కాదు. ఆ తర్వాత ఆ సీసాకి ఆయన పెట్టిన మారుపేరే గతి.

మాది వాపుల ప్రయోగశాల. వాపు తగ్గిస్తాయని జనం చెప్పుకునే మాత్రలు, వేళ్ళు, బెరళ్ళు మా దగ్గరికి వస్తాయి. అవి నిజంగా తగ్గిస్తాయా, లేక చెప్పుకోవడమేనా అన్నది ఎలుకల మీద పరీక్షించి మేం తేల్చాలి. మాస్టారు అక్కడ సీనియర్ టెక్నీషియను. చదువు మా అందరికన్నా తక్కువ, మాట మా డైరెక్టరు కన్నా ఎక్కువ. ఏ గుంపు ఎలుకలకి ఏ మందు పడిందో తెలిసిన మనిషి ఆయనొక్కడే. వాపు కొలిచేవాళ్ళకి మాత్రం చచ్చినా చెప్పేవారు కాదు.

"తెలిస్తే ఏమవుతుంది మాస్టారూ?" అని చేరిన కొత్తలో అడిగాను.

"నీకు తెలిస్తే నీ చేతికి తెలుస్తుందమ్మా. చేతికి తెలిస్తే ఇంక అది కొలవదు. నీకేం కావాలో అదే చెబుతుంది."

నాకు ముక్క అర్థం కాలేదు. అయినా అంతా అర్థమైనట్టు తల ఊపాను. ఆ తల ఊపుడుకి ఫలితం తర్వాత అనుభవించాను, చెబుతాను.

పోనీ మారుపేర్లయినా ఒకటి, రెండు, మూడు అని పెట్టొచ్చు కదా! అబ్బే. "ఒకటి అనగానే అదేదో గొప్పదనుకుంటారు." అయితే ఎ, బి, సి? "బళ్ళో మార్కులు గుర్తొస్తాయి, సి అంటే జాలేస్తుంది." అందుకని ఆయన పెట్టే పేర్లు కుర్చీ, గొడుగు, చెంచా, తలుపు. మా గదిలో మాటలు బయటివాళ్ళు వింటే మా అందరికీ ఒకేసారి వైద్యం చేయించేవాళ్ళు. "గొడుగుకి అన్నం పెట్టారా?" "తలుపులో రెండోది కరిచింది!" "చెంచా కాలు వాచలేదేంటి?" మాకిది రోజువారీ భాష.

ఇంకో మాట కూడా ఆయన నాలుక చివర కాచుకుని కూర్చునేది. "ఎలా ఉన్నారు మాస్టారూ?" అంటే, "దేంతో పోలిస్తే?" అనేవారు. "ఇవాళ ఎండ మండిపోతోంది." "దేంతో పోలిస్తే?" మా డైరెక్టరు ఒకసారి ముచ్చటపడి, "మాస్టారూ, మీరు చాలా మంచివారు," అన్నారు. మాస్టారు ఆయన్ని ఎగాదిగా చూసి అదే ప్రశ్న వేశారు. డైరెక్టరు మళ్ళీ ఎవరినీ పొగడలేదు.

క్యాంటీన్ ఆయన గతి చెప్పనే అక్కర్లేదు. పాపం ఒకరోజు కొత్త టీ పొడి తెప్పించాననీ, పాతదాని కన్నా వెయ్యి రెట్లు నయమనీ చాటింపు వేసుకున్నాడు. మాస్టారు లేచి, రెండు రకాల కప్పులు పెట్టించి, అడుగున 'బూటు' అనీ 'దువ్వెన' అనీ రాయించి, మా పదిమంది చేత తాగించారు. ఏడుగురు బూటుకి, ముగ్గురు దువ్వెనకి ఓటేశారు. బూటులో ఏదో కొత్త సువాసన ఉందని నేను బల్ల గుద్ది చెప్పాను. కవరు తెరిస్తే రెండింట్లోనూ ఉన్నది ఒకటే పాత టీ! క్యాంటీన్ ఆయన నాలుగు రోజులు మాస్టారికి టీ పొయ్యలేదు. నేను నాలుగు రోజులు క్యాంటీన్ వైపు వెళ్ళలేదు.

ఇంట్లోనూ ఇదే వరస. "ముప్పయ్యేళ్ళయింది తల్లీ," అని మాస్టారి భార్య ఒకసారి నాతో వాపోయారు. "మా వంటింట్లో ఏ డబ్బా మీదా పేరుండదు. వాసన చూసి వండుతున్నా. మొన్న సూపులో ఉప్పనుకుని పంచదార వేశా. ఆయన తాగి, 'దేంతో పోలిస్తే ఇది సూపు?' అన్నారు. గిన్నె ఆయన నెత్తిన బోర్లిద్దామనిపించింది."

అన్నీ బానే ఉండేవి గానీ, ఆయన సొరుగుల్లో అట్టడుగున ఉన్నదాన్ని చూస్తే మాత్రం మాకు గుండెల్లో రాయి పడేది. అందులో ఉన్నవి మందుల కవర్లు కావు, మా తప్పుల కవర్లు. ఎవరో ఫ్రీజరు తలుపు వెయ్యకుండా ఇంటికెళ్ళిపోయారనుకోండి. పొద్దున్నే డైరెక్టరు వచ్చి, "ఎవరు? ఎవరది? పేరు చెప్పండి!" అని గది ఎగిరిపోయేలా అరిచేవారు. మాస్టారు నెమ్మదిగా ఒక కవరు తీసి, "పేరు ఇందులో ఉంది సార్. కావాలన్న రోజున తెరుద్దాం," అని అంటించి, సంతకం గిలికి, ఆ సొరుగులో వేసి తాళం తిప్పేవారు. మా జాతకాలన్నీ అందులోనే. ఆ తాళంచెవి ఆయన మొలతాడుకి కట్టుకుని తిరుగుతారని ఒక పుకారు.

ఇక అసలు సంగతికొస్తాను.

మా అమ్మ బట్టలు కుడుతుంది. నాలుగేళ్ళుగా ఆవిడ వేళ్ళ కీళ్ళు వాచిపోతున్నాయి. డాక్టరు మాత్రలు రాశారు. అవి వాపు తగ్గించడమే కాదు, కీళ్ళు అరిగిపోకుండా కాపాడతాయి. కాకపోతే నిదానంగా పనిచేస్తాయి, అమ్మకి కడుపులో తిప్పుతుంది. అమ్మకి ఓపిక సూదిమొనంత. ఇంతలో మా పెద్దమ్మ ఒక రేకు డబ్బా తెచ్చిచ్చింది. ఏదో తీగ వేరుని నూరిన పొడి, పూర్తిగా సహజం, రోజుకి రెండు చెంచాలు. మూడో రోజుకల్లా వాపు తగ్గి అమ్మ వేళ్ళు హాయిగా ముడుచుకున్నాయి! వారం తిరిగేసరికి సూదిలో దారం తనే ఎక్కించుకుంది. నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు.

నా తెలివి అక్కడే గడ్డి తిన్నది. ఆ డబ్బాలోంచి పావువంతు పొడి తీసుకెళ్ళి, ఈ వేరుని పరీక్షిద్దామని డైరెక్టరుకి చెప్పాను. మా దగ్గర గట్టి నియమం ఒకటుంది. ఏ మొక్క ముక్క వచ్చినా, ముందు మొక్కల మేడం దగ్గరికి పంపి, ఇది ఫలానా మొక్కేనని ఆవిడ చేత రాయించుకోవాలి. నూరేసిన పొడి అయితే ఆవిడ అసలు ముట్టుకోరు. నేనేం చేశానంటే, 'ఎక్కడిది' అన్న గడిలో 'సొంత సేకరణ' అని రాసి ఊరుకున్నాను. నేనేదో కొండెక్కి తవ్వుకొచ్చినట్టు! డైరెక్టరు చదవకుండా సంతకం పెట్టారు. ఆయన ఏదీ చదవకుండానే పెడతారు. నా ఉద్యోగం ఏడాదికోసారి పొడిగించే రకం. ఈ సంగతి బయటపడితే పొడిగింపు మాట దేవుడెరుగు, గుమ్మం చూపిస్తారు.

దానికన్నా పెద్ద గండం ఇంట్లో కూర్చుంది. "గురువారం మీ పరీక్షల ఫలితాలు చూసే కమిటీ ముందు తేలిపోతుందిగా," అంది అమ్మ ఆదివారం నాడు, కత్తెర ఆడిస్తూ. "నువ్వొచ్చి 'పనిచేస్తుందమ్మా' అను. శుక్రవారం నుంచి డాక్టరు మాత్రలు చెత్తబుట్టలో వేస్తా. ఈ కడుపులో తిప్పుడు నా వల్ల కావట్లేదు."

"ఒకవేళ పనిచెయ్యకపోతే?"

"నా వేళ్ళు చూసి మాట్లాడు!" అని పది వేళ్ళూ నా మొహం మీద ఆడించింది.

చూస్తే నిజంగానే ముచ్చటేసింది. కానీ పొడి ఉత్తదై, మాత్రలు ఆపేస్తే, ఆ వేళ్ళు వంకర్లు తిరిగిపోతాయి. వేళ్ళు పోతే మిషను పోతుంది. మిషను లేకపోతే మా అమ్మ బతికున్నా లేనట్టే. ఆవిడ ప్రాణమంతా ఆ మిషను పెడలు మీదే ఉంది. ఇదంతా గురువారం పదకొండు గంటలకి నేను చెప్పబోయే ఒక్క మాట మీద వేలాడుతోంది.

ప్రతి సోమవారం టీ దగ్గర మాస్టారు నన్ను ఒక ప్రశ్న అడిగేవారు. ఆ సోమవారమూ అడిగారు. "అమ్మ వేళ్ళు ఎలా ఉన్నాయి?"

"తగ్గిపోయాయి మాస్టారూ!" అని, ఆయన నోరు తెరిచేలోపే, "రెండు నెలల కిందటితో పోలిస్తే," అని తగిలించాను. ఆయనకి డబ్బా సంగతి అప్పటిదాకా చెప్పలేదు. ఆనందం పట్టలేక అంతా కక్కేశాను. "ఆరు వారాలుగా పొడి వేసుకుంటోంది. మూడో రోజుకే గుణం కనిపించింది! మొహం చూడాలి మీరు, గుండ్రంగా, నిండుగా అయిపోయింది. ఆకలి దంచేస్తోందట. తెల్లారకముందే లేచి కూర్చుంటోంది, అంత హుషారు!"

మాస్టారి కప్పు పెదాల దగ్గర ఆగిపోయింది. "మూడో రోజుకేనా?"

"మూడో రోజుకే!"

"మొహం గుండ్రంగా అయిందా?"

"పున్నమి చంద్రుడే అనుకోండి."

ఆయన కప్పు కింద పెట్టి లేచి వెళ్ళిపోయారు. సగం టీ అలాగే ఉండిపోయింది. టీ బాగోలేదేమో అనుకున్నాను. క్యాంటీన్ ఆయన కూడా అలాగే అనుకుని నొచ్చుకున్నాడు.

మర్నాటి నుంచి ఇల్లూ ఆఫీసూ రెండూ ఏదోలా మారిపోయాయి. ఉక్కపోతకి మేం విసనకర్రల్లా ఊగుతుంటే, మాస్టారు తెల్లకోటు మెడదాకా బిగించుకుని తిరిగారు. క్యాంటీన్‌లో కూడా విప్పలేదు. "ఒంట్లో బాలేదా మాస్టారూ?" అంటే యథాప్రకారం "దేంతో పోలిస్తే?" అన్నారు. ఇంట్లో అమ్మ నోరు కుట్టేసుకున్నట్టు కూర్చుంది. గంటకి మూడు వందల మాటలు మాట్లాడే మనిషి, "అన్నం తిను, పడుకో," తప్ప పలకలేదు. రెండుసార్లు ఏదో చెప్పబోయి, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పరిగెత్తింది.

బుధవారం పొద్దున్న ఎనిమిదింటికి ప్రయోగం. ఇరవై నాలుగు ఎలుకలు, గుంపుకి ఆరు. ఒక గుంపుకి ఉత్త నీళ్ళు, ఒకదానికి దుకాణంలో దొరికే వాపు మాత్ర, మిగిలిన రెంటికీ పొడి, చిన్న మోతాదు ఒకదానికి, పెద్ద మోతాదు ఒకదానికి. నాకు తెలిసిన లెక్క అది. మాస్టారు తెర వెనక నిలబడి, ఒక్కోదాన్నీ "రా బంగారం, ఏం చెయ్యనులే, ఇదొక్కటే," అని బతిమాలుతూ మందులు తాగించారు. గంట తర్వాత ప్రతిదాని వెనక కాలి పాదంలోకి సముద్రపు నాచు నుంచి తీసిన జిగురు ఒక చుక్క సూదితో ఎక్కించాం. ఆ జిగురు పడితే పాదం వాస్తుంది. శరీరం దాన్ని శత్రువనుకుని నొప్పి కబుర్లు తయారుచేసి పంపడం మొదలెడుతుంది. మంచి మందు ఆ కబుర్లు తయారయ్యే చోటికే వెళ్ళి అడ్డం పడుతుంది. కబురు తగ్గితే వాపూ తగ్గుతుంది. ఆ తగ్గడం ఎంతన్నది నేను గంటగంటకీ కొలవాలి.

కొలవడానికి ఒక గాజు గొట్టం, అందులో నీళ్ళు. ఎలుక మడమ దగ్గర సిరాతో గీసిన గీత ఉంటుంది. పాదాన్ని సరిగ్గా ఆ గీత దాకా ముంచాలి. నీళ్ళెంత పైకొస్తే పాదం అంత లావన్నమాట. గీతకి వెంట్రుక మందం ఎక్కువ ముంచినా, తక్కువ ముంచినా అంకె మారిపోతుంది.

మొదటి గంటలో తేడా లేదు. రెండో గంటకి కుర్చీ, తలుపు ఉబ్బడం మొదలెట్టాయి. గొడుగూ చెంచా ఉబ్బలేదు! చెంచానే అమ్మ పొడి అని నా మనసు తీర్మానం చేసేసింది. ఎందుకని అడక్కండి. పొడి చెంచాతో వేసుకుంటారు కదా, అంతే. మూడో గంట కొలతల్లో చెంచా గుంపు మూడో ఎలుకని ముంచి అంకె చదివాను. ఎంత తక్కువో!

"దాన్ని మళ్ళీ ముంచమ్మా," అన్నారు వెనక నుంచి మాస్టారు.

"సరిగ్గానే ముంచాను."

"ఏం పర్లేదు, మళ్ళీ ముంచు."

కళ్ళు గీత మీదే పెట్టి మళ్ళీ ముంచాను. అంకె పెరిగింది. ఇంకోసారి ముంచాను, అదే పెరిగిన అంకె. నా చేతిని నేనే చూసుకున్నాను. మొదటిసారి నాకు తెలియకుండానే, గీత నీళ్ళకి తగలకముందే అది ఆగిపోయింది! అమ్మ వేళ్ళు బాగుండాలని నా వేళ్ళు అబద్ధమాడాయి. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి.

"మీరు కొలవండి మాస్టారూ. నా వల్ల కాదు," అన్నాను.

"నేనా? నా చేతికి అన్నీ తెలుసమ్మా, నేనెలా పనికొస్తాను?" అన్నారు. కోప్పడలేదు. ఆ కొలత కొట్టేయించి, పంజరాల మీది చీటీలన్నిటినీ తుండుగుడ్డలతో కప్పేశారు. తర్వాత ఎలుకల్ని వరస లేకుండా ఒక్కోదాన్నీ నా చేతికి అందించడం మొదలెట్టారు. ఏది చెంచానో ఏది తలుపో నాకిక తెలీదు. కాలు, గీత, నీళ్ళు, అంకె. చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది గానీ, అంత ప్రశాంతంగా నేనెప్పుడూ కొలవలేదు.

ఒంటిగంటన్నరకి అంకెలన్నీ వచ్చాయి. కుర్చీ, తలుపు బూరెల్లా ఉబ్బాయి. గొడుగు, చెంచా అంతంతమాత్రం. చెంచా అమ్మ పొడేనా, కాదా? ఆ జవాబు మాస్టారి బల్ల మీది కవరులో ఉంది. ఆయన చేతులు కడుక్కోవడానికి వెళ్ళిన సందు చూసి, ఆ కవరు పట్టుకుని కిటికీ దగ్గరికి పరిగెత్తాను. ఎండకి అడ్డంగా ఎత్తిపట్టి, ఒక కన్ను మూసి, ఇటు తిప్పి, అటు తిప్పి...

"నల్ల కాగితం పెట్టానమ్మా," అన్నారు గుమ్మంలోంచి మాస్టారు, తుండుతో చేతులు తుడుచుకుంటూ. "రెండు పొరలు."

కవరు తెచ్చి బల్ల మీద పెట్టేసి, తల దించుకుని బయటికొచ్చేశాను. ఆయన పిలిచి తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. 

గురువారం పదకొండు గంటలు. కమిటీ నుంచి ఇద్దరు వచ్చారు, ఒక పెద్దావిడ, ఒక కళ్ళద్దాలాయన. డైరెక్టరు కొత్త టై కట్టుకుని, బోర్డు మీద మా అంకెల పటం అంటించి, పుల్లతో చూపిస్తూ ఊగిపోతున్నారు. "కుర్చీ ఉత్త నీళ్ళే, అనుమానం లేదు. తలుపు, చిన్న మోతాదు పొడి. గొడుగు, చెంచా, వీటిల్లో ఒకటి దుకాణం మాత్ర, రెండోది మన పెద్ద మోతాదు పొడి. అంటే ఏమిటి? మన వేరు మాత్రతో సమానం! కవరు లాంఛనమే. మాస్టారూ, కానివ్వండి."

మాస్టారు జేబులోంచి చిన్న కత్తెర తీశారు. సంతకం చెరగలేదని కమిటీ వాళ్ళిద్దరికీ చూపించారు. అంచు కత్తిరించారు. నల్ల కాగితం మడతలు విప్పారు. ఒకటి. రెండు. నేను కూర్చున్న కుర్చీ చేతుల్ని నలిపేస్తున్నాను.

"కుర్చీ, ఉత్త నీళ్ళు."

"చెప్పలా!" అన్నారు డైరెక్టరు.

"గొడుగు, దుకాణం మాత్ర."

"అదీ! ఇక చెంచా..."

"చెంచా, డబ్బాలో వచ్చిన పొడి."

నాకు కేక పెట్టాలనిపించింది. అమ్మా, గెలిచాం!

"తలుపు, అదే వేరు," అన్నారు మాస్టారు. గొంతు పెరగలేదు, తగ్గలేదు. "మన మొక్కల మేడం పరీక్షించి, పేరు రుజువు చేసి దాచిన అసలు వేరు. మన దగ్గరే నూరాం. మోతాదు పొడితో సమానం."

డైరెక్టరు పుల్ల గాల్లోనే ఉండిపోయింది. "ఇదెప్పుడు మార్చారు? నాకు చెప్పకుండా?"

"మార్పు కాగితం మీద మీరు సంతకం పెట్టారు సార్. సోమవారం మధ్యాహ్నం."

"నేనా?... ఆహా, పెట్టాను, పెట్టాను."

పెద్దావిడ ముందుకి వంగారు. "అదే వేరైతే డబ్బాది వాపు ఆపింది, అసలుది ఎందుకు ఆపలేదు?"

"నాకొచ్చిన అనుమానమూ అదేనండి," అన్నారు మాస్టారు. "చెంచా బాగా పనిచేసింది. దేంతో పోలిస్తే? నీళ్ళతో పోలిస్తే వేరు గొప్పదనిపిస్తుంది. తలుపుతో పోలిస్తే డబ్బాలో వేరు కాకుండా ఇంకేదో ఉందని తెలుస్తుంది." ఇంకో కవరు తీసి కత్తిరించారు. "పొడిని రసాయనాల గదికి కూడా పంపాను. అందులో స్టెరాయిడ్ మాత్ర నూరి కలిపారు. మామూలు మాత్ర నొప్పి కబురు తయారయ్యే చోట అడ్డం పడుతుంది. ఇది ఊరు మొత్తానికే కరెంటు తీసేస్తుంది. మూడు రోజుల్లో వాపు మాయం. మొహం గుండ్రంగా అవుతుంది, ఆకలి పెరుగుతుంది, నిద్ర పట్టదు. లోపల ఎముకలు గుల్లవుతాయి. డాక్టరుకి తెలియకుండా వాడకూడదు. వాడినవాళ్ళు ఉన్నపళంగా మానినా ప్రమాదమే."

గుండ్రటి మొహం. దంచేసే ఆకలి. ఆరు వారాలుగా మా అమ్మ రోజుకి రెండు చెంచాలు తిన్నది అదే. పైగా ఆ డబ్బాని పొగిడింది, ఇక్కడికి మోసుకొచ్చింది నేను!

డైరెక్టరు మొహం కందగడ్డ అయిపోయింది. "మేడం చీటీ లేని పొడి ఈ గుమ్మంలోకి తెచ్చిందెవరు? నాకు పేరు కావాలి! ఇప్పుడే!"

లేవబోయాను. ఈలోగా మాస్టారు మూడో కవరు బల్ల మీద పెట్టారు. "పేరు ఇందులో ఉంది సార్."

"తెరవండి!"

"తెరుస్తాను. దీంతోపాటు ఆ పొడిని లోపలికి రానిచ్చిన సంతకం ఎవరిదో, ఆ కాగితం కూడా ఇంకో కవరులో ఉంది. రెండూ కమిటీ వారి ముందే తెరవమంటారా?"

డైరెక్టరు టై సర్దుకున్నారు. మంచినీళ్ళు తాగారు. "ఇప్పుడెందుకులెండి. సొరుగులో ఉండనివ్వండి."

పెద్దావిడ నవ్వాపుకుంటూ, "పేరుతో మాకు పనిలేదు. ఆ డబ్బా ఎక్కడ అమ్ముతున్నారో ముందు అది పట్టుకోవాలి," అన్నారు. ఆ తర్వాత ఏం మాట్లాడారో నేను వినలేదు. సెలవు చీటీ కూడా రాయకుండా ఇంటికి పరిగెత్తాను. బస్సు ప్రతి స్టాపులోనూ ఆగింది. నేను డ్రైవరుని మనసులో తిట్టని తిట్టు లేదు.

అమ్మ మిషను ముందు కూర్చుని ఒక చొక్కాకి గుండీ కుడుతోంది. పక్కన ఇంకో ఐదు చొక్కాల దొంతర.

"అమ్మా! ఆ పొడి..."

"తెలుసులే," అంది తలెత్తకుండా.

"ఏం తెలుసు? అందులో స్టెరాయిడ్..."

"అదీ తెలుసు. కూర్చో, ముందు మంచినీళ్ళు తాగు. అమ్మయ్య, గురువారం అయింది, ఇంక మాట్లాడొచ్చు!" అంటూ దారం కొరికి, గట్టు తెగినట్టు మొదలెట్టింది. "సోమవారం సాయంత్రం ఒక పెద్దాయన వచ్చాడే. ఆరు చొక్కాలు తెచ్చాడు. ఒక్కదానికీ గుండీల్లేవు! గుండీలన్నీ ఒక కవర్లో వేసి అంటించి, పైన సంతకం చేసి మరీ తెచ్చాడు. ఊడినవేవో, కత్తిరించినవేవో నాకు తెలియదూ? దొంగేమో అనుకున్నా. తీరా చూస్తే నా మొహంలోకి, వేళ్ళలోకి చూసి, 'అమ్మా, ఆ డబ్బా ఒకసారి చూపిస్తారా?' అన్నాడు."

దొంతరలోంచి ఒక చొక్కా లాగి చూశాను. మాస్టారిదే!

"డాక్టరు మాత్రలు ఆపొద్దన్నాడు. పొడి కూడా చప్పున మానెయ్యొద్దు, పొద్దున్నే డబ్బా పట్టుకుని డాక్టరు దగ్గరికెళ్ళండన్నాడు. మంగళవారం నువ్వు ఆఫీసుకెళ్ళగానే వెళ్ళొచ్చా. డాక్టరమ్మ ముందు నన్ను చెడామడా తిట్టి, తర్వాత దీన్ని కొద్దికొద్దిగా ఎలా మానాలో రాసిచ్చింది. కడుపులో తిప్పుడుకి మాత్ర మార్చింది. 'ఆ సంగతి మొదటే చెప్పి ఏడిస్తే అప్పుడే మార్చేదాన్నిగా' అంది."

"మరి నాకెందుకు చెప్పలేదూ?" దాదాపు ఏడుస్తూ అరిచాను. "మూడు రోజులు చచ్చి బతికానమ్మా!"

"నేను మాత్రం? నోరు మూసుకుని కూర్చోవడం నాకు ఎంత నరకమో నీకు తెలీదూ? 'గురువారం దాకా అమ్మాయికి చెప్పకండి, చేతికి తెలిసిపోతుంది' అన్నాడు. ఏ చెయ్యో, ఏం తెలియడమో నాకు అంతుబట్టలేదు. కానీ, 'ఆ పిల్ల కొలిచిందంటే లోకం నమ్మాలి, నేను నమ్ముతున్నాను' అన్నాడే, దానికి కరిగిపోయా. ఏదైతేనేం, మూడు రోజులు నన్ను కూడా కవర్లో పెట్టి అంటించేశాడు!"

మెడదాకా బిగించిన తెల్లకోటు నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఉన్న చొక్కాలన్నీ మా అమ్మ దగ్గరే ఉంటే పాపం ఆయన ఇంకేం వేసుకుంటారు? నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చేశాయి. గుండీ కుడుతున్న అమ్మ చెయ్యి పట్టుకుని నవ్వుతూనే ఉన్నాను. సూది గుచ్చుకుంటుందని అమ్మ నా నెత్తిన ఒక్కటిచ్చింది.

మాస్టారు నిరుడు రిటైరయ్యారు. వెళ్తూ వెళ్తూ ఆ అట్టడుగు సొరుగు తాళంచెవి నా చేతిలో పెట్టారు. మొలతాడుది కాదు, పెన్నుల డబ్బాలోది. ఆయన గేటు దాటారో లేదో, మేమంతా సొరుగు చుట్టూ మూగాం. ఫ్రీజరు తలుపు వెయ్యనిదెవరు, గాజు గొట్టాల పెట్టె పడేసిందెవరు, అన్నీ కవర్ల మీద తారీఖులతో సహా ఉన్నాయి. వణుకుతూ ఎవరి కవరు వాళ్ళు తెరిచారు. ఒక్కదాంట్లోనూ పేరు లేదు. ఉత్త నల్ల కాగితం, రెండు పొరలు. ముప్పయ్యేళ్ళుగా డైరెక్టర్ల అరుపుల్ని ఆయన ఉత్త నల్ల కాగితాలతో ఆపుకొచ్చారు! క్యాంటీన్ ఆయన తన పాపాలకీ ఒకటుంటుందని వచ్చి వెతుక్కున్నాడు గానీ దొరకలేదు.

నా కవరులో మాత్రం నల్ల కాగితం మధ్య ఒక చిన్న చీటీ ఉంది. మాస్టారి గిలుకుడు రాత. "తెరుస్తావని తెలుసు. అమ్మ వేళ్ళు ఎలా ఉన్నాయి? (ఆ గురువారంతో పోలిస్తే.)"

మర్నాడు సూదిలో దారం ఎక్కిస్తున్న అమ్మ వేళ్ళని ఫొటో తీసి, కవరులో పెట్టి, అంటించి, అంటించిన చోట అడ్డంగా సంతకం గిలికాను. పైన మాస్టారి ఇంటి నంబరు, వీధి రాశాను గానీ పేరు రాయలేదు. ఆయనకి గిట్టదు కదా!